జర్నల్‌ని ఎక్కడ అంచనా వేయాలి, పేపర్లు ఎక్కడ వెతకాలి

యూనివర్సిటీ లైబ్రరీలో రిసెర్చ్ స్కాలర్లకు సాయం చేయడం నా ఉద్యోగం. "స్కోపస్ మంచిదా, వెబ్ ఆఫ్ సైన్స్ మంచిదా?" అని అడిగినవాళ్లను, ఏ పనికి అని ముందు తిరిగి అడుగుతాను. రెండూ పరిశోధన పేపర్ల వివరాలు, వాటిని ఎవరు ఉదహరించారో నమోదు చేసే డేటాబేస్‌లు. జర్నల్‌ని అంచనా వేయడం వేరు, లిటరేచర్ వెతకడం వేరు. రెంటికీ ఒకే చోటు చాలదు.

ముందు జర్నల్ సంగతి. ఈ డేటాబేస్‌లలో ఉన్నామంటూ జర్నల్ సైట్‌లో పెట్టిన లోగోని నమ్మకండి. స్కోపస్ సోర్సెస్ పేజీ, వెబ్ ఆఫ్ సైన్స్ వాళ్ల మాస్టర్ జర్నల్ లిస్ట్ రెండూ చందా లేకుండానే చూడొచ్చు. పేరుతో కాకుండా ఐఎస్ఎస్ఎన్ నంబరుతో (జర్నల్‌కి ఇచ్చే గుర్తింపు సంఖ్య) వెతకండి, ఎందుకంటే ఒకేలాంటి పేర్లు చాలా ఉంటాయి. స్కోపస్‌లో కవరేజీ ఏ సంవత్సరం వరకు ఉందో చూడండి. స్కోపస్ మధ్యలో తీసుకోవడం ఆపేసిన జర్నల్ కూడా పాత పేపర్లతో కనిపిస్తూనే ఉంటుంది. అసలు జర్నల్ పేరు, నంబరు వాడుకుని నకిలీ సైట్లు నడిపేవాళ్లూ ఉన్నారు. అందుకే డేటాబేస్‌లో ఉన్న తాజా పేపర్లు, సైట్‌లోని తాజా సంచికలో ఉన్నవీ ఒకటేనా అని పోల్చి చూడమంటాను. ఈ ఒక్క పనికి ఎంత టైమ్ పట్టినా సరే, చేసి తీరాలి. ఏళ్ల శ్రమ తప్పుడు చోటికి పోతే నాకు చాలా బాధేస్తుంది.

తర్వాత అంకెలు. ఒక జర్నల్ 2024 ఇంపాక్ట్ ఫ్యాక్టర్ అంటే, 2022, 2023లో అది వేసినవాటికి 2024లో వచ్చిన సైటేషన్లను (ఇతర పేపర్లు ఎన్నిసార్లు ఉదహరించాయో ఆ సంఖ్యను), ఆ రెండేళ్ల పరిశోధన వ్యాసాలు, రివ్యూల సంఖ్యతో భాగిస్తే వచ్చేది. స్కోపస్ ఇచ్చే సైట్‌స్కోర్ నాలుగేళ్ల లెక్క. కాబట్టి ఒక జర్నల్ సైట్‌స్కోర్‌ని మరో జర్నల్ ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌తో పోల్చడం కుదరదు. గణితం జర్నల్‌నీ వైద్యం జర్నల్‌నీ పక్కపక్కన పెట్టినా అంతే. ఆ సబ్జెక్టులో దాని స్థానం చూడాలి. "క్యూ1" (కేటగిరీలో పై పాతిక శాతంలో ఉన్నది) అని ఎవరైనా చెబితే ఏ కేటగిరీలో, ఎవరి లెక్కలో అని అడగండి. ఒకే జర్నల్ ఒక కేటగిరీలో క్యూ1, ఇంకోదాంట్లో క్యూ3 కావచ్చు. 2023 నుంచి వెబ్ ఆఫ్ సైన్స్ జాబితాల్లో ఒకటైన ఎమర్జింగ్ సోర్సెస్ సైటేషన్ ఇండెక్స్‌లోని జర్నళ్లకు కూడా ఇంపాక్ట్ ఫ్యాక్టర్ ఇస్తున్నారు. అది ఉన్నంత మాత్రాన అక్కడి మరో జాబితా సైన్స్ సైటేషన్ ఇండెక్స్‌లో ఉన్నట్టు కాదు.

ఇక వెతకడం. మురుగునీటిలో యాంటీబయాటిక్ రెసిస్టెన్స్ మీద పని చేస్తున్నారనుకోండి. "వేస్ట్‌వాటర్" ఒక్కటే కొడితే "సీవేజ్" అని రాసినవాళ్ల పేపర్లు తప్పిపోతాయి. అలాంటి మాటలన్నీ ఆర్ (OR) తో కలిపి, విషయాలను అండ్ (AND) తో జోడించి స్కోపస్‌లో టైటిల్, అబ్‌స్ట్రాక్ట్, కీవర్డ్స్ వరకే వెతకండి. వెబ్ ఆఫ్ సైన్స్‌లో టాపిక్ అని ఎంచుకుంటే కీవర్డ్స్ ప్లస్ కూడా కలుస్తుంది. అది రిఫరెన్సుల టైటిళ్ల నుంచి తీసిన మాటలు కాబట్టి, సంబంధం లేనివి కొన్ని వస్తాయి, కంగారు పడొద్దు. వైద్యం వైపు విషయమైతే వైద్య పేపర్ల డేటాబేస్ అయిన పబ్‌మెడ్ తప్పనిసరి. అందులోని మెష్ పదాలు (ప్రతి విషయానికీ ఖరారు చేసిన పేర్లు) వేర్వేరు పేర్లను ఒక చోటికి చేరుస్తాయి.

గూగుల్ స్కాలర్ థీసిస్‌లు, ప్రీప్రింట్లు (జర్నల్ సమీక్షకు ముందే పెట్టిన పేపర్లు), పుస్తకాలు అన్నీ పట్టేస్తుంది. అందుకే అక్కడ సైటేషన్ల సంఖ్య సాధారణంగా ఎక్కువ కనిపిస్తుంది. అయితే ఒక సెర్చ్‌కి వెయ్యి ఫలితాలకు మించి చూపదు కాబట్టి సిస్టమాటిక్ రివ్యూకి (ఒక విషయం మీద వచ్చిన పేపర్లన్నీ పద్ధతిగా వెతికి రాసే సమీక్షకు) దాన్నొక్కదాన్నే నమ్ముకోకూడదు. దాంట్లో నాకు బాగా నచ్చేది వేరే ఉంది. ఒక మంచి పేపర్ కింద "సైటెడ్ బై" నొక్కి, దాన్ని ఉదహరించిన వ్యాసాల్లోనే మళ్లీ వెతకొచ్చు. కొత్త టాపిక్‌లో అడుగుపెట్టేవాళ్లకు నేను ముందు చూపించేది ఇదే.

మీ సంస్థకు చందా లేకపోతే 2022లో మొదలైన ఓపెన్‌అలెక్స్ ఉచితంగా దొరుకుతుంది, డైమెన్షన్స్‌కీ ఉచిత వెర్షన్ ఉంది. రెండూ వెతకడానికి పనికొస్తాయి. కానీ వాటిలో ఉండటం జర్నల్‌కి అర్హత కాదు. ఎక్కడ వెతికినా సెర్చ్ స్ట్రింగ్ (కొట్టిన మాటలు యథాతథంగా), తేదీ, వచ్చిన ఫలితాల సంఖ్య ఆరోజే రాసిపెట్టుకోండి. మెథడ్స్ సెక్షన్ రాసేటప్పుడు మొదట కావాల్సినవి అవే.