అంబాసిడర్ క్రాంక్ పుల్లీ ఊడిరాకపోతే: లక్షణం, కారణం, పరిష్కారం

అంబాసిడర్ తయారీ 2014లో ఆగిపోయినా, 1489 సీసీ బీ-సిరీస్ పెట్రోల్ ఇంజన్ ఉన్న పాత బండ్లను నెల్లూరు, ఒంగోలు ప్రాంతాల్లో ఇష్టంగా కాపాడుకుంటున్నవారు ఉన్నారు. ఉప్పుగాలి తగిలే తీరప్రాంతంలో ఏళ్ల తరబడి విప్పని క్రాంక్ పుల్లీ (ఇంజన్ ముందు క్రాంక్ షాఫ్టు కొసన ఉండి ఫ్యాన్ బెల్టును తిప్పే చక్రం) షాఫ్టుకు తుప్పుతో అతుక్కుపోతుంది. దానిని విప్పేటప్పుడు జరిగే నష్టంలో ఎక్కువ భాగం తుప్పు వల్ల కాదు, బలాన్ని తప్పు చోట ప్రయోగించడం వల్ల జరుగుతుంది.

పుల్లీ వెనుక నుంచి ఆయిల్ కారుతోంది

ఇది చూడగానే సీల్ (పుల్లీ వెనుక ఆయిల్ కారకుండా ఆపే వలయం) పోయిందని నిర్ణయించడం తొందరపాటు. ఇంజన్ పైమూత అయిన రాకర్ కవర్ ప్యాకింగ్ నుంచి జారిన ఆయిల్ బ్లాకు ముందు వైపుగా దిగి పుల్లీ మీద పడి చుట్టూ చిమ్మినప్పుడు, అది సీల్ నుంచే వస్తున్నట్లు కనిపిస్తుంది. ఇంజన్ లోపలి ఆవిరిని బయటికి వదిలే బ్రీదర్ పైపు జిడ్డుతో మూసుకుపోతే ఇంజన్ లోపలి ఒత్తిడి పెరిగి, మంచి సీల్ నుంచి కూడా ఆయిల్ బయటికి తోసుకువస్తుంది. అందువల్ల ముందుగా బ్రీదరును శుభ్రం చేసి, చల్లారిన ఇంజన్ ముందు భాగాన్ని కిరసనాయిలుతో కడిగి, పూర్తిగా ఆరిన తరువాత కొంతసేపు నడిపి, తడి ఎక్కడ మొదలవుతోందో పైనుంచి కిందికి చూడాలి. టైమింగ్ కవర్ (పుల్లీ వెనుక ఇంజన్ ముందు మూత) మధ్య రంధ్రం దగ్గరే తడి మొదలైతే తప్ప పుల్లీ జోలికి వెళ్లనవసరం లేదు.

నట్టు కదలడం లేదు

రేడియేటరును, ఫ్యాన్ బెల్టును తీసిన తరువాతనే నట్టుకు సాకెట్ తిన్నగా కూర్చుంటుంది. ఇంజన్‌ను చేత్తో తిప్పే హ్యాండిల్ తగిలించే పళ్లున్న ఈ నట్టు కింద లాక్ వాషర్ ఉంటుంది. దాని మడత అంచును పూర్తిగా చదును చేయకుండా రాడ్డుకు ఎంత పొడవు పైపు తొడిగినా ప్రయోజనం లేదు. నట్టు అంగుళాల కొలతది కాబట్టి, దగ్గరగా ఉందని మిల్లీమీటర్ల సాకెట్ వాడితే మూలలు అరిగిపోతాయి. పళ్ల మీద ఉలి పెట్టి కొట్టే అలవాటు మన షెడ్లలో ఉంది గానీ, అది నట్టును చెడగొట్టడమే కాక ఆ దెబ్బను క్రాంక్ బేరింగుల దాకా పంపుతుంది.

మరలు మామూలు కుడిచేతి మరలే కనుక, ముందు నుంచి చూస్తూ గడియారం ముల్లుకు ఎదురుగా తిప్పాలి. అలా తిప్పినప్పుడు నట్టుతో పాటు క్రాంక్ కూడా తిరుగుతుంటే, టాప్ గేరు వేసి, చక్రాలకు అడ్డుకట్టలు పెట్టి, ఒకరిని బ్రేకు గట్టిగా తొక్కమనడం తేలిక మార్గం. ఇంజన్ బండి నుంచి దించి ఉంటే ఈ మార్గం ఉండదు. అప్పుడు ఒకటో సిలిండర్ పిస్టన్‌ను, రెండు వాల్వులూ మూసి ఉండే పవర్ స్ట్రోకులో, పైకొస నుంచి కొంత కిందికి దించి, ప్లగ్గు రంధ్రం గుండా మెత్తని నైలాన్ తాడును లోపలికి పంపి, కొసను బయటే ఉంచాలి. నట్టును విప్పే దిశలో తిప్పగానే పిస్టన్ పైకి వచ్చి తాడును నొక్కి ఆగిపోతుంది. వాల్వు తెరిచి ఉన్న స్ట్రోకులో ఈ పని చేస్తే తాడు వాల్వును వంచగలదు. రాడ్డును ఛాసిస్‌కు ఆనించి స్టార్టర్ తిప్పే పద్ధతి పనిచేస్తుంది కానీ, రాడ్డు జారితే చెయ్యి విరుగుతుంది. నేను దానిని సూచించను.

నట్టు వదులైంది, పుల్లీ రావడం లేదు

అసలు నష్టం జరిగేది ఇక్కడే. పుల్లీ అంచుకు పుల్లర్ (కాళ్లతో పట్టి మధ్య స్క్రూతో బయటికి లాగే పనిముట్టు) కాళ్లు తగిలించి లాగితే, పట్టు మధ్యలో ఉండగా లాగుడు చివర పడుతుంది కాబట్టి అంచు వంగుతుంది. తరువాత బెల్టు ఊగిసలాడుతూ తిరుగుతుంది. పుల్లర్ పట్టు మధ్య గొంతు (షాఫ్టు మీద కూర్చునే గొట్టంలాంటి భాగం) వెనుకనే ఉండాలి. షాఫ్టు కొసలోని మరలు చెడకుండా నట్టును కొన్ని మరలు వెనక్కి తిప్పి ఉంచి, పుల్లర్ స్క్రూను మందమైన బిళ్ల మీద ఆనించాలి. తుప్పు వదిలించే ఆయిల్‌ను షాఫ్టు చుట్టూ, కీ (పుల్లీ షాఫ్టు మీద జారకుండా పట్టే చిన్న ఇనుప ముక్క) గాడిలోనూ పోసి ఒక రాత్రి వదిలేయాలి. మరునాడు స్క్రూను బిగించి, దాని తలపై సుత్తితో చిన్న దెబ్బ వేసి, మళ్లీ బిగిస్తూ పోతే చాలావరకు టక్కున వదులుతుంది. టైమింగ్ కవర్ పలుచని రేకు కనుక, టైరు లివర్లను దాని మీద ఆనించి ఎగదోయకూడదు. వేడి చేయడం చివరి మార్గం. ఆయిల్ తుడిచి, అగ్నిమాపక సాధనం పక్కన ఉంచుకొని, గొంతును మాత్రమే వేడి చేయాలి. సీల్ ఎలాగూ కాలిపోతుంది.

బిగించిన తరువాత కూడా కారడం, లేదా టకటక శబ్దం

చీమకుర్తి వైపు గ్రానైట్ దుమ్ములో తిరిగిన బండ్లలో, సీల్ దగ్గర చేరిన పొడి పుల్లీ గొంతు మీద గాడి కోయగలదు. గోరుకు తగిలేంత గాడి ఉంటే లేత్ మీద నునుపు చేయించి స్లీవ్ (పలుచని లోహపు తొడుగు) తొడిగించాలి. సీల్ ఒక్కటీ మార్చడం డబ్బు దండుగ. కవర్ బోల్టులను వదులుగా ఉంచి, ఆయిల్ రాసిన పుల్లీని సీల్‌లోకి తిప్పుతూ దూర్చి, సీల్ నడుమకు సర్దుకున్న తరువాతనే వాటిని బిగించాలి. ఈ క్రమం తప్పితే కొత్త సీల్ కూడా ఒక పక్క నుంచి కారుతుంది.

బేరింగ్ శబ్దంలా వినిపించే టకటకకు అరిగిన కీ కారణం కావచ్చు. కీ గాడిలో కదులుతుంటే కొత్తది వేయాలి; పుల్లీ గాడే వెడల్పయితే పుల్లీనే మార్చాలి. కదిలిన పుల్లీ మీది టైమింగ్ గుర్తును కూడా నమ్మడానికి వీలు లేదు.

లాక్ వాషర్ కొత్తదే వేయాలి. నట్టు బిగింపుకు బండి మాన్యువల్‌లోని అంకెనే పాటించాలి. పోలికకు చెప్పాలంటే, ఇదే బీ-సిరీస్ కుటుంబానికి చెందిన, ఎంజీబీ అనే బ్రిటిష్ కారు ఇంజన్‌కు అది 70 పౌండ్-అడుగులు, అంటే సుమారు 95 న్యూటన్ మీటర్లు. ఆ బిగింపు తరువాతనే వాషర్ అంచును నట్టు చదును మీదికి మడిచి, బెల్టును పొడవైన వైపు నడుమ వేలితో నొక్కితే అర అంగుళం దిగేలా సర్దాలి.