ఎడారి ఇళ్లలో విషపు సాలీళ్లు: గల్ఫ్ వెళ్లే గోదావరి వారు తెలుసుకోవలసినవి

అమలాపురం, రాజోలు, నరసాపురం ప్రాంతాల నుంచి కువైట్, దుబాయ్, మస్కట్, దోహాలకు ఇంటి పనికీ, డ్రైవింగుకీ, కట్టుబడి పనులకీ వెళ్లేవారు వీసా కాగితాల గురించీ, మెడికల్ పరీక్షల గురించీ ఎంతో విచారించుకుంటారు గానీ, అక్కడ తాము ఉండబోయే గది గురించి అడిగి తెలుసుకునేవారు తక్కువ. విషమంటే డెల్టాలో పుట్టిపెరిగిన వారికి ముందు గుర్తుకొచ్చేది కట్లపాము, రక్తపింజర, ఆ తరువాత తేలు. మన గోడల మీద తిరిగే పెద్ద సాలీళ్లతో ప్రాణభయం లేదు కనుక వాటిని మనం పట్టించుకోము. ఎడారి దేశాల్లో ఆ నిర్లక్ష్యం పనికిరాదు.

అన్నిటికన్నా ముందు మారవలసింది మన చూపు. సంక్రాంతికి ముందు బూజుకర్ర పట్టుకుని పైకప్పు మూలలు దులపడం మనకు అలవాటు. అక్కడి ప్రమాదకరమైన సాలీళ్లు మాత్రం ఎక్కువగా మోకాలి ఎత్తుకు దిగువన, చీకటిగా, పొడిగా ఉన్న చోట గూడు కడతాయి. ప్లాస్టిక్ కుర్చీల అడుగు, పూలకుండీల వెనుక, మీటరు పెట్టె, ఏసీ బయటి యూనిట్ కింది ఖాళీ, ఆరుబయట విడిచిన బూట్లు, వాడకుండా ఉంచిన పిల్లల సైకిళ్లు వాటికి ఇష్టమైన చోట్లు.

వీటిలో ముఖ్యమైనది రెడ్‌బ్యాక్. ఇది ఆస్ట్రేలియా సాలీడు. సరుకుల రవాణాతో ఇతర దేశాలకు పాకి, దుబాయ్ ఉన్న ఎమిరేట్స్‌ దేశంలో స్థిరపడింది. ఆడసాలీడు శరీరం సుమారు 1 సెంటీమీటరు ఉంటుంది, బఠాణీగింజంత నల్లని గుండ్రటి పొట్ట మీద ఎర్రని చార, పొట్ట అడుగున ఢమరుకం ఆకారంలో ఎర్రని మచ్చ కనిపిస్తాయి. మగది చాలా చిన్నది, లేత గోధుమరంగులో ఉంటుంది. దీని గూడు మన తోటల్లో కనిపించే చక్రంలాంటి గూడు కాదు. చిక్కుపడిన దారాల కుప్పలా ఉండి, కొన్ని పోగులు నేలకు దిగి అంటుకుని ఉంటాయి. పుల్లతో లాగితే ఆ దారం గట్టిగా సాగుతుంది. ఈ కుటుంబానికే చెందిన విడో సాలీళ్లు అరేబియాలో సహజంగానే ఉన్నాయి, వాటిలో తెల్లని పొట్ట గలది కూడా ఉంది; కాబట్టి నల్లగా లేదు కదా అని చేయి పెట్టకూడదు. వయొలిన్ ఆకారపు మచ్చ గల గోధుమరంగు రెక్లూస్ సాలీడు అట్టపెట్టెల్లో, మడతబట్టల్లో దాగుతుంది. చూడగానే హడలెత్తించే ఒంటె సాలీడుకు మాత్రం విషం లేదు, అది అసలు సాలీడే కాదు. దవడలతో గట్టిగా కరవగలదు, అంతే.

ఇవేవీ మనిషిని వెంటాడి కుట్టవు. చూడకుండా పెట్టిన చేతికో కాలికో నొక్కుకుపోయినప్పుడే కరుస్తాయి. కొబ్బరి రాశిలో, పుల్లల మోపులో చేయి పెట్టేముందు కర్రతో తట్టి చూసే మన ఊరి జాగ్రత్తనే అక్కడి వస్తువులకు వర్తింపజేయాలి. బూట్లు, గ్లోవ్స్, హెల్మెట్ ప్రతిసారీ బోర్లించి దులపాలి; కుర్చీని అంచు కింద వేళ్లు పెట్టి ఎత్తకూడదు; ఆరుబయటి మరుగుదొడ్డిలో కూర్చునేముందు సీటు అడుగు టార్చితో చూడాలి. మంచాన్ని గోడ నుంచి కొంచెం దూరంగా జరిపి, దుప్పటి నేలకు తగలకుండా మడవాలి. సామాను అట్టపెట్టెల్లో కాకుండా మూత బిగిసే ప్లాస్టిక్ డబ్బాల్లో పెట్టాలి. తలుపు కింది సందుకు బ్రష్ పట్టీ, ఏసీ పైపు దూరే రంధ్రానికి సిలికాన్ వేయించమని యజమానిని గానీ క్యాంప్ బాస్‌ను (పనివారి బస చూసే మేనేజరును) గానీ అడగడానికి మొహమాటపడవద్దు.

మందు కొట్టించడం మీదే ఆధారపడడం నా దృష్టిలో సరికాదు. సాలీడు కాలి కొనల మీద నిలబడుతుంది కనుక నేల మీద ఆరిన మందు దానికి పెద్దగా తగలదు. దాని ఆహారమైన పురుగులను తగ్గించడం మేలు: గుమ్మం దగ్గర తెల్లని దీపం తీసి పసుపు వెలుగు దీపం పెడితే పురుగులు తక్కువగా చేరతాయి. వారానికొకసారి గ్లోవ్స్ వేసుకుని పొడవాటి చీపురుతో గూళ్లు తీసివేయాలి. అందులో గుండ్రటి, మీగడరంగు గుడ్ల సంచులు కనిపిస్తే తప్పక నలిపివేయాలి. ఒక్కో సంచిలో వందల గుడ్లు ఉండవచ్చు.

రెడ్‌బ్యాక్ కాటు మొదట సూది గుచ్చినంతే ఉండి, గంటలోపు నొప్పి పెరుగుతూ పైకి పాకుతుంది. కరిచిన చోట చెమట పట్టడం, వికారం, కండరాలు బిగుసుకోవడం దీని గుర్తులు. రెక్లూస్ కాటు అప్పటికి తెలియకపోయినా, కొన్ని గంటల తరువాత నొప్పి మొదలై, కొన్ని రోజుల్లో చర్మం నల్లబడి పుండు పడవచ్చు. కాటును సబ్బునీళ్లతో కడిగి, గుడ్డలో చుట్టిన ఐసు పెట్టాలి. పాము కాటుకు కట్టినట్టు తాడు కట్టరాదు; బిగింపు వల్ల నొప్పి ఇంకా పెరుగుతుంది. కోయడం, పీల్చడం, సున్నం పూయడం, మంత్రం వేయించడం వద్దు. మేడమ్ (ఇంటి యజమానురాలు) ఏమంటుందోనని దాచిపెట్టకుండా వెంటనే చెప్పాలి, వీలైతే సాలీడు ఫోటో తీసి వైద్యుడికి చూపాలి. మరణాలు చాలా అరుదు. రెడ్‌బ్యాక్ విషానికి విరుగుడు మందు 1956 నుంచే ఉంది, అది అవసరమో కాదో వైద్యులు నిర్ణయిస్తారు. పిల్లలు, గర్భిణులు, వృద్ధులు, రక్తపోటు ఉన్నవారు నొప్పి పెరిగేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్లాలి. అత్యవసర సహాయానికి ఎమిరేట్స్‌లో 998, కువైట్‌లో 112, సౌదీలో 997, ఖతర్‌లో 999, ఒమన్‌లో 9999 నంబర్లను బయలుదేరేముందే ఫోనులో వేసుకోండి.