అపార్ట్‌మెంట్‌లో అగ్నిప్రమాదం ముప్పు ఎక్కడుందో ఇలా కనిపెట్టండి

2023 నవంబరు 13న నాంపల్లి బజార్‌ఘాట్‌లో అపార్ట్‌మెంట్ కింద నిల్వ ఉంచిన కెమికల్ డ్రమ్ములు అంటుకుని కనీసం 9 మంది చనిపోయారు. అందుకే తనిఖీ సెల్లార్ నుంచే మొదలుపెట్టండి. అక్కడ పెయింట్లు, థిన్నర్, ఖాళీ అట్టపెట్టెలు ఏవున్నా ముందు బయటికి పంపేయండి.

సమస్య: మీటర్ బోర్డు దగ్గర కాలిన వాసన, సాయంత్రాలు ఎంసీబీ (లోడు ఎక్కువైతే కరెంటు ఆపేసే స్విచ్) పడిపోవడం

కారణం: ఏసీలు పెరిగాయి, వైర్లు పాతవే. కనెక్షన్ లూజైన చోట వేడి పుడుతుంది. మా బిల్డింగ్‌లో బోర్డు మూత తీసి చూస్తే ఒక వైరు తొడుగు గోధుమరంగుకు తిరిగి, గోటితో గీకగానే పెంకులా రాలింది. వాసన వస్తోందని వాచ్‌మన్ అంతకుముందే చెప్పాడు. ఆ మాట వెంటనే వినాల్సింది.

పరిష్కారం: లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌ని పిలిచి, మెయిన్ ఆపించి స్క్రూలు బిగింపించండి, కాలిన వైర్లు మార్పించండి. విద్యుత్ సంస్థకు దరఖాస్తు పెట్టి లోడు పెంచుకోండి. మాటిమాటికీ పడిపోతోందని పెద్ద ఎంసీబీ మాత్రం వేయించకండి. అప్పుడు అది పడదు, వైరు కాలుతుంది.

సమస్య: మెట్ల మీద చెప్పుల స్టాండ్లు, సైకిళ్లు, టెర్రస్‌కి తాళం

కారణం: ఇళ్లలో చోటు చాలదు, దొంగల భయం. కానీ పొగకి మెట్లే దారి. 2022 సెప్టెంబరులో సికింద్రాబాద్‌లో కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూమ్‌లో మంటలు పుడితే, పైన లాడ్జిలో ఉన్న 8 మంది ప్రాణాలు పోయాయి.

పరిష్కారం: ఒక రాత్రి మెట్ల లైట్లు ఆర్పి, గోడ పట్టుకుని నెమ్మదిగా దిగి చూడండి. కాలికి ఏది తగిలితే అది తీసేయండి. టెర్రస్ తలుపుకి లోపలి నుంచి తాళంచెవి లేకుండా తీయగలిగే గడియ పెట్టించండి. మెట్లు అప్పటికే పొగతో నిండిపోతే మాత్రం బయటికి రావద్దు. తలుపు సందులో తడిగుడ్డ కుక్కి, బాల్కనీలోకి వెళ్లి 101కి ఫోన్ చేయండి.

సమస్య: హోస్ రీల్ (మంటలార్పే నీళ్ల పైపు చుట్ట) తిప్పితే నీళ్లు రావు

కారణం: పంపు ఆటో మోడ్‌లో ఉండదు, లేదా వాల్వు మూసి ఉంటుంది.

పరిష్కారం: నెలకోసారి పై అంతస్తులో వాల్వు తిప్పి చూడండి. ఎక్స్‌టింగ్విషర్ (మంటలార్పే సిలిండర్) మీటరు ముల్లు ఆకుపచ్చ గీతలో లేకపోతే రీఫిల్‌కి పంపండి.

సమస్య: కిటికీలోంచి వేలాడే ఎక్స్‌టెన్షన్ బోర్డుతో స్కూటర్ ఛార్జింగ్

పరిష్కారం: మెట్లకు దూరంగా, విడిగా ఎంసీబీ ఉన్న సాకెట్ పెట్టించండి. రాత్రంతా ఛార్జింగ్‌లో వదిలేయకండి.

చివరగా గేటు దగ్గర నిలబడి చూడండి. అడ్డంగా కారు ఉంటే ఫైరింజన్ లోపలికి రాలేదు. ఆ కారు ఓనర్‌తో ఈ ఆదివారమే మాట్లాడండి.