ఉక్కపోతలో పెళ్లికి పట్టు కట్టాలంటే

ఒడిశాలోని మా బరంపురంలో వైశాఖంలో పెళ్లంటే ఎండ కన్నా ఉక్కతోనే ఎక్కువ బాధ. గోపాల్‌పూర్ సముద్రం దగ్గరే కాబట్టి గాలి నిండా తేమ, పట్టిన చెమట ఆరనే ఆరదు. అందుకే చాలామంది ఈ ఎండల్లో పట్టుచీరేంటి బాబోయ్ అనుకుని సింథటిక్ చీర కట్టుకుని వచ్చేస్తారు. అక్కడే పొరపాటు. పట్టు తన బరువులో దాదాపు 30 శాతం దాకా తేమ పీల్చుకున్నా ఒంటికి తడిగా తగలదు. మనల్ని ఉడకబెట్టేది చీర కాదు, చీర కింద వేసుకున్నవి.

పర్లాకిమిడిలో మా పిన్ని కూతురి పెళ్లిలో నాకీ సంగతి బాగా తెలిసొచ్చింది. మంచి పట్టుచీర కట్టాను, కానీ లోపల శాటిన్ లంగా, జాకెట్టుకి టైలర్ నన్నడక్కుండా వేసేసిన పాలిస్టర్ లైనింగ్. తలంబ్రాల వేళకి వీపంతా చెమటకాయలు, వారం రోజులు మంట. పక్కనే మా అప్ప నాకన్నా బరువైన చీరలో హాయిగా కూర్చుంది, ఎందుకంటే తన లంగా, లైనింగ్ రెండూ నూలువే.

కాబట్టి టైలర్‌కి జాకెట్టు ఇచ్చేటప్పుడే లైనింగ్ గుడ్డ మీరే కొని ఇవ్వండి, అదీ ఒక రాత్రి నీళ్లలో నానబెట్టి ఆరేసిన నూలు గుడ్డ. నానబెట్టకపోతే మొదటి ఉతుకుకే అది కుంచించుకుపోయి జాకెట్టు ముడతలు పడుతుంది. చంకల దగ్గర కాస్త వదులు పెట్టమనండి, లోపల రెండు పొరల నూలు ముక్కలు చిన్న హుక్కులతో పెట్టించండి, చెమట వాటికే పడుతుంది, పెళ్లయ్యాక విప్పి ఉతుక్కోవచ్చు. ఒంటికి బిగుతుగా పట్టేసే షేప్‌వేర్ లంగాలు ఈ వాతావరణానికి వద్దే వద్దు.

చీర కొత్తగా కొనాలంటే బరంపురం పట్టునే చూడండి. మన తెలుగు దేవాంగుల మగ్గాల మీద నేసిన చీర, అంచు పొడుగునా గుడి గోపురాల్లా వరసగా కుంభాలు, దాన్నే ఫోడా కుంభ అంటారు, భౌగోళిక గుర్తింపు (జీఐ ట్యాగ్) కూడా ఉంది. మగవాళ్లకి పంచె, ఉత్తరీయం కలిపి జోడు దొరుకుతుంది. అసలు పట్టో కాదో అనుమానం ఉంటే కొంగు చివర కుచ్చులోంచి జరీ కాని పోగు ఒకటి తీసి కాల్చి చూడండి. పట్టయితే వెంట్రుక కాలిన వాసన వచ్చి వేళ్ల మధ్య నలిపితే బూడిదైపోతుంది, పాలిస్టరయితే కరిగి గట్టి ఉండ కడుతుంది. హోమం దగ్గర కూర్చునేవాళ్లు ఇది మరీ గుర్తుపెట్టుకోవాలి, నిప్పురవ్వ పడితే ఆ కరిగిన గుడ్డ చర్మానికి అంటుకుపోతుంది.

మగవాళ్ల సంగతి తేలిక. పీటల మీద వధూవరులకే నూలు మధుపర్కాలు కట్టబెట్టే ఆచారం మనది, మరి అతిథులు షేర్వానీలో ఎందుకు మగ్గిపోవాలి? పొందూరు ఖద్దరు పంచె, పల్చటి నూలు చొక్కా, లోపల నూలు బనియను చాలు. గంజి పల్చగా పెట్టండి, చిక్కగా పెడితే గాలి దూరదు. బూడిద రంగు, లేత నీలం చొక్కాల మీద చెమట మరక ఇట్టే కనబడుతుంది, తెలుపు కట్టండి. రాత్రి రిసెప్షన్‌కి కోటు తప్పదంటే లోపలంతా లైనింగ్ వేయకుండా, వీపు దగ్గర సగమే ఉన్నది కుట్టించుకోండి, కళ్యాణమండపంలో ఏసీ ఉందో, బయట షామియానానో ముందే ఫోన్ చేసి కనుక్కోండి. ఒడియా వాళ్ల పెళ్లికి మగపెళ్లివారి తరఫున వెళ్తుంటే ఊరేగింపులో బాగా నడవాల్సి వస్తుంది, కోటు చేతిలో పట్టుకుని మండపం దగ్గర వేసుకోండి.

చిన్నపిల్లలకి నెట్ గౌన్లు దయచేసి వేయకండి. నూలు పరికిణీ వేయండి, సంచిలో ఇంకో జత పెట్టుకోండి.

సెంటు చీర కట్టక ముందే రాసుకుని ఆరనివ్వాలి, జరీ మీద పడితే నల్లబడుతుంది. ఇంటికొచ్చాక ఎంత అలసటగా ఉన్నా చీర మడతపెట్టి బీరువాలో పడేయకండి, చెమటలోని ఉప్పు పట్టుని కొరికేస్తుంది. ఫ్యాన్ కింద నీడలో ఒక రోజు ఆరేయండి, చెమట మరక ఉంటే దాని మీద ఇస్త్రీ చేయకుండా డ్రై క్లీనింగ్‌కి ఇచ్చి ఆ చోటు చూపించండి. తర్వాత పాత నూలు పంచెలో చుట్టి దాచి, మూడు నాలుగు నెలలకోసారి తీసి మడత మార్చండి. కలరా ఉండలు మాత్రం జరీకి తగలనివ్వకండి.