డౌన్‌రిగ్గర్ దించే ముందు చూసుకోవాల్సినవి

డౌన్‌రిగ్గర్ అంటే పడవకు బిగించే తీగ చక్రం. తీగ చివరి బరువు గుండుతో ఎరను లోతుకు దించి, పడవ నడుపుతూ చేపలు పడతారు. గాలం దారాన్ని గుండు దగ్గర ఓ క్లిప్పు పట్టుకుంటుంది, చేప లాగితే వదిలేస్తుంది.

హైదరాబాద్ నుంచి బయల్దేరే ముందే: గండిపేట, హిమాయత్‌సాగర్ తాగునీటి చెరువులు, వాటి జోలికి వద్దు. ఏ రిజర్వాయర్‌కైనా మత్స్యశాఖ అనుమతి అడగండి.

• మొదటిసారికి చేత్తో తిప్పేది, లోతు మీటరున్నది చాలు. కరెంటుదైతే 12 వోల్టుల బ్యాటరీ, ఫ్యూజు మోయాలి.

• బేస్‌ను పల్చటి ఫైబర్‌కు స్క్రూలతో బిగించొద్దు. కింద పలక వేసి బోల్టులు వేయండి. గుండు రాతికి చిక్కితే పడవ లాగుడంతా వాటిమీదే పడుతుంది.

• బ్రేకు అందుకే కాస్త వదులుగా ఉండాలి, తీగ జారాలి. కట్టర్ చేతికందేలా పెట్టుకోండి. తీగను చేతికి చుట్టుకున్నారో, వేళ్ళు పోతాయి.

• గుండు 4–5 కిలోలు. తేలికైతే తీగ వెనక్కి వాలుతుంది. మీటరు 20 మీటర్లన్నా గుండు అంతకన్నా పైనే ఉంటుంది.

• రిజర్వాయర్ అడుగున మునిగిన చెట్లుంటాయి. ఫిష్ ఫైండర్ (లోతును, అడుగును తెరమీద చూపే పరికరం) లేకుండా దించొద్దు, నేలకు 2–3 మీటర్లు పైనే ఆపండి.

• క్లిప్పును ఒడ్డునే లాగి చూడండి. మరీ బిగువైతే చిన్నచేప పడ్డా తెలీదు, పాపం దాన్ని గంటసేపు ఈడ్చుకు తిరుగుతారు.

• మలుపులు వెడల్పుగా తిప్పండి, లేదంటే తీగ ప్రొపెల్లర్‌కు చుట్టుకుంటుంది.

• లైఫ్ జాకెట్ సీటుకింద కాదు, ఒంటిమీద.