చూడి గొర్రెల మేత: ఈతకు ముందు నెలన్నర జాగ్రత్తలు

తొలకరికి పచ్చగడ్డి మొలిచి, గొర్రెలు కాస్త కండ పట్టగానే మందలో పొట్టేళ్లకు పని పడుతుంది. జూన్ నెలాఖరులో, జూలైలో చూడి కట్టిన గొర్రె నవంబరు చివర్లోనో డిసెంబరులోనో ఈనుతుంది. చూడికాలం అటూ ఇటూగా 150 రోజులు. అందులో మొదటి మూడున్నర నెలలు మేపుకెళ్లి తెచ్చిన మేతతో గడిచిపోతాయి. చిక్కంతా చివరి ఆరు వారాల్లోనే. కడుపులో పిల్ల బరువులో మూడింట రెండొంతులకు పైగా అప్పుడే పెరుగుతుంది.

ఆ ఆరు వారాలు మన విశాఖ పల్లెల్లో ఎప్పుడు పడుతున్నాయో ఒకసారి క్యాలెండర్ తీసి చూడండి. అక్టోబరు మధ్య నుంచి నవంబరు నెలాఖరు దాకా. ఆనందపురం, పద్మనాభం, భీమిలి, పెందుర్తి, ఎటు చూసినా పల్లంలో వరి నిలబడి ఉంటుంది. గట్ల మీదకు మంద వస్తే రైతు కర్ర పట్టుకుంటాడు, అతని తప్పేం లేదు. మెట్టలో మేపుకుందామంటే సగం లేఅవుట్లయిపోయాయి. ఇది చాలదన్నట్టు తుఫాన్ల కాలం. హుద్‌హుద్ విశాఖ మీద పడింది 2014 అక్టోబరు 12న, సరిగ్గా ఈ రోజుల్లోనే. కోతలయ్యి వరి దుబ్బుల్లోకి మందను వదిలేసరికి చాలా గొర్రెలు ఈనేసి ఉంటాయి. అంటే గొర్రెకు తిండి ఎక్కువ కావలసినప్పుడే మనకు మేత దొరకదు. అందుకని దసరా నాటికే దాణా, ఎండుమేత దొడ్డికి చేరిపోవాలి. అక్టోబరు చివర్లో వెతుక్కుంటే దొరికిందే తెచ్చుకోవాలి.

డొక్క నిండితే చాలదు

"పొద్దస్తమానం మేసే వచ్చింది, డొక్క చూడండి ఎలా ఉందో" అంటారు కాపర్లు. డొక్క నిండిన మాట నిజమే, నిండింది దేనితో అన్నదే ప్రశ్న. వానల వెనక లేచిన లేతగడ్డిలో నీళ్లే ఎక్కువ. పైగా లోపల పిల్ల పెరిగేకొద్దీ పొట్టను నొక్కేస్తుంది, గొర్రె ఒక్కసారికి తినగలిగేది తగ్గిపోతుంది. ఈ దశలో ఎంత మేసినా గడ్డి ఒక్కటే సరిపోదు. కొద్ది తిండిలో ఎక్కువ బలం ఉండాలి.

కంటితో చూసి బలం తేల్చవద్దు, చెయ్యి వేసి చూడండి. చివరి పక్కటెముక వెనక నడుము మీద వేళ్లు ఆనించాలి. వెన్నుపూసల ముళ్లు వేలికి గుచ్చుకున్నట్టు ఒక్కొక్కటిగా తగిలితే గొర్రె చిక్కిపోయింది. వేలితో నొక్కితేనే తెలుస్తూ, పైన కాస్త కండ ఉంటే బాగున్నట్టు. ఎంత నొక్కినా ఎముక దొరకకపోతే కొవ్వు పట్టింది, అదీ మంచిది కాదు. మరీ బక్కదానికే కాదు, మరీ కొవ్విన దానికీ ఈతకు ముందు జబ్బు వస్తుంది. మందలో ఇరవై గొర్రెలకు చెయ్యి వేస్తే మీ మేత ఎలా ఉందో మీకే తెలిసిపోతుంది.

ఏది ఎప్పుడు ఈనుతుందో తెలియడం ఎలా? ఏడాది పొడవునా పొట్టేలు మందలోనే తిరిగే చోట తేదీలు ఎవరూ రాసుకోరు. కనీసం పొట్టేలు రొమ్ముకు జాజు పూసి వదిలితే దాటిన గొర్రె వెనకభాగం మీద ఎర్రగా గుర్తు పడుతుంది. వారం వారం చూసి నోటుబుక్కులో ఎక్కించుకోవచ్చు. అదీ చేయలేదంటే పొదుగు దిగడం మొదలైన వాటిని వేరు చేయండి. అప్పటికి నెల రోజులో, అంతకంటే తక్కువో ఉంటుంది, ఆలస్యమే. అయినా అసలు చేయకపోవడం కంటే నయం.

దాణా ఎంత, ఎలా

పది కిలోల దాణాకు ఈ పాళ్లు సరిపోతాయి: మొక్కజొన్న నూక 4 కిలోలు, వేరుశనగ చెక్క రెండున్నర కిలోలు, తవుడు 3 కిలోల 200 గ్రాములు, ఖనిజ లవణ మిశ్రమం 200 గ్రాములు, ఉప్పు 100 గ్రాములు. మొక్కజొన్న బదులు జొన్న నూకో, గంటెలో (సజ్జలు), చోళ్లో (రాగులు) కలిపినా పరవాలేదు. గొర్రెకు రోజుకు 250 గ్రాములు, చివరి ఆరు వారాలు. లెక్క వేస్తే ఒక్కో గొర్రెకు పది పదకొండు కిలోలు. మీ ఊరి ధరకు దాన్ని గుణించి, పక్కన ఒక పిల్ల ధర వేసుకుని చూడండి. దాణా ఖర్చు దండగ అనేవాళ్లు ఈ లెక్క ఒకసారైనా వేశారా అని నాకు అనుమానం.

మొదటి రోజే పావుకిలో పెట్టేయకూడదు. 50 గ్రాములతో మొదలుపెట్టి, పది పన్నెండు రోజుల్లో మెల్లగా పావుకిలోకు తీసుకెళ్లాలి. ఇంట్లో ఉన్న ఒక స్టీలు గ్లాసు తీసుకుని, దాణా నింపి కిరాణా కొట్టు కాటా మీద ఒక్కసారి తూచి గీత పెట్టుకుంటే రోజూ టెన్షన్ ఉండదు. చేటతో అందాజుగా పోస్తే బలమైన గొర్రె అరకిలో తింటుంది, చివరిది తొట్టి నాకి పోతుంది.

తొట్టి పొడవు చూసుకోండి. గొర్రెకు అడుగు చొప్పున జాగా ఉండాలి. నిలువునా కోసిన పీవీసీ పైపు, ప్లాస్టిక్ డ్రమ్ము సగం ముక్క, ఏదైనా సరే. చూడివాటిని మిగతా మంద నుంచి, ముఖ్యంగా పొట్టేళ్ల నుంచి విడదీసి పెట్టాలి. తొలిచూలు గొర్రెలు పెద్దవాటి పక్కన నిలబడి తినలేవు. వాటికి వేరే తొట్టి ఉంటే ఇంకా మంచిది. సాయంత్రం మంద తిరిగొచ్చాక పెడితే, ఏది తినలేదో మీ కళ్లముందే తెలుస్తుంది. ఈ ఒక్క సంగతి దాణా కంటే తక్కువదేం కాదు, ఎందుకో కింద చెబుతాను.

మన సముద్రపు గాలికి, తుఫాను తేమకు వేరుశనగ చెక్క త్వరగా బూజు పడుతుంది. బస్తాలు గోడకు ఆనించకుండా, చెక్క పలకల మీద పెట్టాలి. చెక్క బిళ్లను విరిచి లోపల చూడండి. పచ్చగానో నల్లగానో బూజు ఉన్నా, ముక్కవాసన వచ్చినా పారేయడమే. ఎండబెడితే బూజు రాలుతుంది గానీ అందులోని విషం పోదు.

ఖనిజ లవణ మిశ్రమం కొనేటప్పుడు గొర్రెలకని రాసి ఉన్నదే అడగండి. ఆవులకూ గేదెలకూ అమ్మేదానిలో రాగి ఎక్కువ, గొర్రె దాన్ని తట్టుకోలేదు. చుట్టూ కోళ్లఫారాలున్నాయి కదా అని అక్కడ మిగిలిన కోళ్ల మేత చవగ్గా తెచ్చి పోసేవాళ్లూ ఉన్నారు. చూడి గొర్రెకు అది అసలు వద్దు.

పచ్చిమేతలో అవిసె, మునగ, సుబాబుల్ కొమ్మలు ఉంటే దాణా మీద భారం తగ్గుతుంది. సుబాబుల్ మాత్రం మొత్తం మేతలో మూడోవంతు దాటనివ్వద్దు.

కార్తీకం విస్తళ్లు, మందు కొట్టిన తోటలు

ఇదే కాలంలో కార్తీక వనభోజనాలు. ఆదివారం సాయంత్రం భీమిలి రోడ్డు వెంబడి తోటల్లో చూస్తే విస్తరాకులు, మిగిలిన పులిహోర, సాంబారన్నం కుప్పగా పడి ఉంటాయి. సోమవారం ఉదయం ఆకలి మీద వెళ్లిన మంద ఆ కుప్ప మీద పడిందంటే, పావుగంటలో ఒక్కో గొర్రె కడుపులో కిలో అన్నం. వండిన అన్నం పొట్టలో పులిసిపోయి ఆమ్లం పెరుగుతుంది. సాయంత్రానికి పొట్ట ఉబ్బి, నెమరు ఆగి, మర్నాటికి పుల్లటి వాసనతో పారుకుంటుంది. మామూలు గొర్రె బతికినా చూడిది ఈసుకుపోవచ్చు, అంటే నెలలు నిండకుండానే పిల్ల పడిపోవచ్చు. పెళ్లిళ్ల ఫంక్షన్ హాళ్ల వెనక గోడలదీ ఇదే కథ. అటు పోయే దారి ఉంటే కాపరి ముందు నడవాలి, మంద వెనక కాదు. ప్లాస్టిక్ సంచులు ఎలాగూ ఉన్నాయి, వాటి గురించి చెప్పేదేముంది.

జీడి, మామిడి తోటల్లో పూత ముందు మందులు కొట్టడం మొదలవుతుంది. తోట యజమానిని అడక్కుండా చెట్ల కింద మేపవద్దు. వరికి యూరియా చల్లిన మడిలో నీళ్లు తాగనివ్వద్దు. వాన ముఖం చాటేసినప్పుడు గిడసబారిన జొన్న, కోసేశాక లేచిన జొన్న పిలకలు మేస్తే నాము (జొన్నలోని సైనైడ్ విషం) పడుతుంది, నిమిషాల్లో గొర్రెలు పడిపోతాయి. కొండవాలుల్లో లంటానా కంప ఉన్నచోట ఆకలితో వదలవద్దు.

మేఘాద్రిగెడ్డ, గంభీరం జలాశయాల అంచులూ, గోస్తని పక్కన తడినేలలూ పచ్చగా ఊరిస్తాయి. అక్కడ నత్తలుంటాయి, నత్తలున్న చోట కార్జపు జలగలు (కాలేయంలో చేరే పురుగులు) ఉంటాయి. దవడ కింద నీరు దిగడం, కనురెప్ప లోపల పాలిపోవడం కనిపిస్తే పేడ పరీక్ష చేయించండి. జలగ ఉన్న గొర్రెకు దాణా పెట్టడమంటే జలగకు పెట్టడమే. నట్టల మందు కూడా డాక్టరును అడిగే తాగించాలి. చూడి మొదటి నెలలో ఆల్బెండజోల్ ఇవ్వకూడదు. చిటుకు రోగం టీకా ఈతకు మూడు నాలుగు వారాల ముందు వేయిస్తే ఆ రక్షణ ముర్రుపాల ద్వారా పిల్లకూ అందుతుంది.

తుఫాను హెచ్చరిక వస్తే

చూడి చివర్లో ఉన్న గొర్రె ఒక్క రోజు కూడా పస్తు ఉండకూడదు. మామూలు గొర్రెకు రెండు రోజులు దొడ్డిలో కట్టేస్తే ఏమీ కాదు. దీనికి మాత్రం తిండి ఆగగానే ఒంట్లో కొవ్వు కరిగి రక్తంలో విషపదార్థాలు పేరుకుంటాయి. మన నాటు గొర్రెలు ఎక్కువగా ఒక్క పిల్లే వేస్తాయి కాబట్టి ముప్పు కాస్త తక్కువ. కవలలున్న దానికి మాత్రం గండమే.

ముప్పై కిలోల గొర్రెకు రోజుకు ఇంచుమించు కిలో ఎండుమేత. నలభై చూడి గొర్రెలకు మూడు రోజులంటే 120 కిలోలు, అది టార్పాలిన్ కింద ముందే ఉండాలి. వేరుశనగ కట్టె, ఉలవ పొట్టు, మినప పొట్టు, చోడి గడ్డి బాగుంటాయి. ఉత్త వరిగడ్డి డొక్క నింపుతుంది, బలం ఇవ్వదు. దొడ్డి ఎత్తు మీద ఉండాలి, కింద నీరు నిలవకూడదు. ఈ నెలన్నర మందను దూరపు ఊళ్లకు నడిపించి పొలాల్లో మంద కట్టే బేరాలు ఒప్పుకోవద్దు. ఒప్పుకున్నా చూడివి ఇంటి దగ్గరే ఉండాలి.

సాయంత్రం దాణా దగ్గర నిలబడి చూడమన్నది ఇందుకే. అన్నీ తోసుకుంటూ తింటుంటే ఒకటి పక్కన నిలబడి ఉంటుంది. వచ్చేటప్పుడు కూడా మందకు వెనకబడే వచ్చి ఉంటుంది. కళ్లు తెరిచే ఉంటాయి, ముందు చెయ్యి ఊపినా రెప్ప వేయదు. పళ్లు నూరుతుంది, గోడకో కంచెకో తల ఆనిస్తుంది. నోటి దగ్గర ముక్కు పెడితే నెయిల్ పాలిష్ తుడిచే మందు లాంటి తీపి వాసన. అప్పుడు 1962కు ఫోన్ చేసి సంచార పశువైద్య వాహనాన్ని పిలవండి, లేదా రైతు సేవా కేంద్రంలో చెప్పండి. బెల్లం నీళ్లు పట్టేసి తెల్లారేదాకా ఆగితే ఫలితం ఉండదు, ఆ బెల్లం పొట్టలోనే పులిసిపోతుంది. పడుకుని తల వాల్చేసిన దానికి నోట్లో ఏమీ పోయవద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. కాల్షియం తగ్గినా గొర్రె ఇలాగే కూలబడుతుంది. అదైతే డాక్టరు ఇంజెక్షన్ చేసిన గంటా రెండు గంటల్లో లేచి నిలబడుతుంది. రెండింటిలో ఏదన్నది తేల్చాల్సింది డాక్టరే.

ఏదైనా ఈసుకుపోతే దాన్ని వేరు చేసి, పిండాన్నీ మాయనూ ఉత్త చేతులతో ముట్టకుండా, కుక్కలు లాగకుండా సున్నం వేసి లోతుగా పాతిపెట్టండి. ఇంట్లో గర్భిణులు ఉంటే ఈతల సమయంలో దొడ్డి వైపు రానివ్వద్దు.

ఈనిన రోజున దాణా ఆపేసే అలవాటు కొన్ని ఊళ్లలో ఉంది. అవసరం లేదు. ఆ రోజు కాస్త తగ్గించి, గోరువెచ్చని నీళ్లు పెట్టి, మర్నాటి నుంచి మళ్లీ పావుకిలోకు తీసుకురండి. కవలలకు పాలిస్తున్న దానికి ఇంకో గుప్పెడు కలపండి. ముర్రుపాలు గంటలోపే పిల్ల కడుపులో పడాలి, బొడ్డుకు అయోడిన్ పూయాలి.