మాజీ ప్రియుడు మీ పేరుతో దొంగ ఖాతా నడుపుతుంటే ఏం చేయాలి?

ఇలాంటివి మనకంటే ముందు చుట్టాలకే తెలుస్తాయి. తెనాలి నుంచి పిన్ని ఫోన్ చేసి, "ఏమే, ఇన్‌స్టాలో ఇంకో ఖాతా తెరిచావా? ఆ ఫొటోలేంటే?" అంటుంది. గుంటూరు బ్రాడీపేట హాస్టల్ గదిలో కూర్చున్న మీకు కాళ్లూ చేతులూ ఆడవు. ఆ కోపంలో అతనికి ఫోన్ చేసి తిట్టకండి. మీకు తెలిసిందని పసిగట్టగానే ఖాతా మాయం చేస్తాడు. సాక్ష్యమూ దాంతోనే పోతుంది.

1. ముందు సాక్ష్యం దాచండి

స్క్రీన్‌షాట్ ఒక్కటే చాలదు. పైకి కనిపించే పేరు ఎప్పుడైనా మార్చేయొచ్చు. ప్రొఫైల్ లింకు కాపీ చేసి, చూసిన తేదీ, టైము రాసుకోండి. ఖాతా ఎవరిదని కంపెనీని అడగడానికి పోలీసులకు ఆ లింకే ఆధారం. పిన్నికి వచ్చిన మెసేజ్‌లూ ఉంచమనండి. "ఛీ, ఇవెందుకు" అని వెంటనే చెరిపేసేది పెద్దవాళ్లే.

2. తర్వాతే రిపోర్ట్ కొట్టండి

'నాలా నటిస్తున్నారు' అన్న కారణం ఎంచుకోండి. నగ్న చిత్రాలు, మార్ఫింగ్, వేరొకరిలా నటించడం మీద బాధితులు ఫిర్యాదు చేస్తే 24 గంటల్లో తొలగించాలని 2021 ఐటీ నిబంధనలు గడువు పెట్టాయి, 2026లో దాన్ని 2 గంటలకు తగ్గించారు. ప్రైవేటు ఫొటోలు బయటపెడతానని బెదిరిస్తుంటే అలాంటివి సోషల్ మీడియాలో ఎక్కకుండా ఆపడానికి తోడ్పడే 'స్టాప్ ఎన్‌సీఐఐ' సైటు వాడండి. ఫొటో మీ ఫోన్ దాటదు, దాని డిజిటల్ వేలిముద్ర, అంటే ఆ ఫొటోను గుర్తుపట్టే కోడ్ మాత్రమే వెళ్తుంది.

3. తాళాలు మార్చండి

పాస్‌వర్డ్ ఒక్కటీ మార్చి ఊరుకుంటారు చాలామంది. వాట్సాప్‌లో 'లింక్డ్ డివైసెస్' తెరవండి. అతని ల్యాప్‌టాప్ ఇంకా అక్కడే ఉండొచ్చు. జీమెయిల్ రికవరీ నంబరు ఎవరిదో చూడండి. మీరు వాడే సిమ్ అతని ఆధార్ మీద తీసుకున్నదైతే మరీ ప్రమాదం. డూప్లికేట్ సిమ్ తీసుకున్నాడంటే ఓటీపీలన్నీ అతని చేతికే.

4. ఫిర్యాదు

జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో అశ్లీల చిత్రాల్లాంటి నేరాల మీదైతే పేరు చెప్పకుండానూ ఇవ్వొచ్చు కానీ, అలా ఇస్తే దాని సంగతి ఏమైందో ట్రాక్ చేయలేరు. పేరుతో ఇవ్వడమే మేలని నా అభిప్రాయం. డబ్బూ పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. అతను హైదరాబాద్‌లో ఉన్నా, విజయవాడలోనో గుంటూరులోనో మీ దగ్గరి స్టేషన్‌కే వెళ్లండి. "మా పరిధి కాదు" అంటే జీరో ఎఫ్ఐఆర్ అడగండి, అంటే పరిధితో పని లేకుండా ఏ స్టేషన్‌లోనైనా నమోదు చేసే కేసు. ఐటీ చట్టం 66సి, 66డి కింద మూడేళ్ల వరకు జైలు, లక్ష వరకు జరిమానా పడొచ్చు. ఆన్‌లైన్‌లో వెంటపడి వేధిస్తే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 78 వర్తిస్తుంది.

ఈలోగా "స్టేషనెందుకమ్మా, పెద్దల్లో కూర్చుని మాట్లాడుకుందాం" అనేవాళ్లు వస్తారు. అక్కడ అతను అందరి ముందూ ఫొటోలు డిలీట్ చేసి చూపిస్తాడు. బ్యాకప్ అయిన ఫొటోలు గూగుల్ ఫొటోస్ ట్రాష్‌లో 60 రోజులు అలాగే ఉంటాయి.